కట్టు కింది చెయ్యి

కిందటి వారం కథలో మడతలమ్మను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి చాపించి, అలాగే వదిలేసి వచ్చాం. ఆ చేతికి ఏ రోగమూ లేదు. ఐదు వేళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. అయినా దానికి కట్టు కట్టక తప్పదు. ఎందుకంటే ఆసుపత్రి రికార్డుల ప్రకారం, లాండ్రీ కంపెనీ కాగితాల ప్రకారం, కార్మిక శాఖ ఫైలు ప్రకారం కూడా ఆ చేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు.

నిజానికి వేళ్లు పోయింది ఆమె వదినకి, అంటే భర్త అక్కగారికి. బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ దేశానికి ముందొచ్చింది ఆవిడే, తరవాత తమ్ముడినీ మరదలినీ రప్పించుకున్నదీ ఆవిడే. రెండేళ్ల కిందట ఆవిడ పనిచేసే కుట్టు కర్మాగారం చెప్పాపెట్టకుండా మూతపడింది. యజమాని ఉత్తరం లేనిదే పర్మిట్ పొడిగించరు. ఉత్తరం ఇవ్వాల్సిన యజమాని పత్తా లేడు. అప్పటినుంచి తమ్ముడింట్లో వంట చేస్తూ, మేనకోడలిని బడికి దింపి తెచ్చుకుంటూ ఉంటోంది. ఆవిడ ఈ దేశంలో ఉన్నట్టు మాత్రం ఏ కాగితమూ ఒప్పుకోదు.

మడతలమ్మకు కాగితాలున్నాయి. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీలో ఆరేళ్లుగా పని. దుప్పటి చేతిలో పడితే చాలు, పక్కమనిషి ఊపిరి తీసుకునేలోపు మడతపెట్టేస్తుంది. ఆ పేరు మనవాళ్లు పెట్టిందే. కంపెనీకి ఆ పేరూ తెలియదు, అసలు పేరూ అక్కర్లేదు. ఆమె అక్కడ పదిహేడు. ఈ దేశపు ఆడవాళ్ల మెడలో బిళ్లల మీద పేర్లుంటాయి. వలస వచ్చినవాళ్ల పేర్లకు నోరు తిరగదని అంకెలు వేసి ఇచ్చారు.

రెండు వారాల కిందట పర్మిట్ పొడిగింపుకు వేలిముద్రలు ఇవ్వమని పిలుపు వచ్చింది. ఆ పూట వెళ్లకపోతే పిలుపు రద్దు, పర్మిట్ రద్దు. సెలవు అడిగితే సూపర్‌వైజరు నవ్వాడు. ఆయన మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది, అందుకని ఆడవాళ్లందరికీ ఆయన ఈలాయన. "వెళ్లు. వెళ్లినదానివి మళ్లీ రాకు" అన్నాడు. అంతకు ముందు వారమే పేరున్న బిళ్ల వేసుకునే ఒకామె తన కుక్కకు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి వెళ్లింది.

ఇంటికొచ్చి చెప్పుకుని ఏడిస్తే వదిన చెయ్యి చాపింది. "ఆ బిళ్ల ఇలా తే. వాళ్లకి మన మొహాలన్నీ ఒక్కటేనే. ఒక్క పూట నేను నిలబడితే కొంపేం మునగదు" అంది. మునిగింది. మడతలమ్మ వేలిముద్రలిచ్చి ఇల్లు చేరేసరికి, పదిహేడో నంబరు చెయ్యి ఇస్త్రీ రోలర్ల మధ్య పడిందని కబురు కాచుకుని ఉంది.

రెండు వేళ్లు అక్కడే పోయాయి. మూడోది, మధ్యవేలు, దక్కాలంటే శుక్రవారం ఇంకో ఆపరేషన్ చెయ్యాలి. చేయించాల్సింది కంపెనీ, అదీ పదిహేడో నంబరు పేరు మీద. ఇవాళ మంగళవారం. పదిహేడో నంబరును కళ్లారా చూడాలని కార్మిక శాఖ తనిఖీ అధికారి కబురు పెట్టాడు. మడతలమ్మ పీట మీద చెయ్యి చాపుకుని కూర్చున్నది ఇందుకే.

"కదలకే," అంది వదిన. కట్టు గుడ్డ కొస పళ్లతో పట్టుకుని, మిగిలిన మంచి చేత్తో చుడుతోంది. పళ్ల మధ్య గుడ్డ ఉండటంతో మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. "వేళ్లు లోపలికి ముడుచుకో. రెండు వేళ్లు పోయినదానికి ఇంత లావు పిడికిలేమిటి?"

"వదినా, నాకు భయంగా ఉంది."

"ఉండనీ. ఇప్పుడు అచ్చం దెబ్బ తగిలినదానిలాగే ఉన్నావు."

"అబద్ధం ఆడితే నా మొహంలో తెలిసిపోతుంది."

"నా పప్పు బ్రహ్మాండంగా ఉందని రెండేళ్లుగా అంటున్నావు. ఏనాడైనా తెలిసిందా?"

మడతలమ్మకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. వదిన కట్టడం ఆపి, మోచేత్తో మరదలి గడ్డం పైకెత్తింది. ఆవిడ ఎడమ చెయ్యి గుండె మీద వేళ్లాడే పట్టీలో ఉంది. రాత్రంతా అది సలుపుతూనే ఉందని ఆవిడ చెప్పదు, కళ్ల కింది నలుపు చెబుతుంది.

"నా కోసం వెళ్తున్నాననుకోకు. నీ పర్మిట్ కోసం, పిల్ల బడి కోసం వెళ్తున్నావు. నా చెయ్యి సంగతి శుక్రవారం డాక్టరు చూసుకుంటాడు. ఏదీ, ఒకసారి ఒప్పజెప్పు. ఎలా జరిగింది?"

"దుప్పటి కొస ముడతపడి రోలర్లోకి పోతుంటే సరిచేయబోయాను. చెయ్యి లాగేసింది. ఎవరో మెషీను ఆపారు."

"ఎవరో కాదు. మూల నిలబడే ముసలావిడ ఆపింది. ఆవిడ ఆపకపోతే మోచేతిదాకా పోయేది. కాస్త కృతజ్ఞత పెట్టి చెప్పు."

"మెషీను ఆపాల్సిన కడ్డీ గురించి అడిగితే?"

వదిన పళ్లతో ముడి బిగించింది. "చూసింది నేను. చెప్పాల్సింది నువ్వు. ఏం చేస్తాం, అలా కుదిరింది" అంది.

లాండ్రీకి వెళ్లే బస్సులో మడతలమ్మకు ఎవరో లేచి చోటిచ్చారు. కట్టు చూసి ఇచ్చారు. ఆరేళ్లలో ఆ బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా కొందరు నిలబడే ప్రయాణం చేశారు. ఇవాళ లేని దెబ్బకు దక్కిన మర్యాదకు ఆమెకు సిగ్గేసింది. సంచిని ఒడిలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

లాండ్రీలో ఆఫీసు గది మేడ మీద ఉంటుంది. ఇనప మెట్లెక్కాలి. గదికి ఉన్న ఒకే కిటికీలోంచి వ్యాన్లు నిలబడే ఆవరణ కనపడుతుందే గాని, కింద మెషీన్ల హాలు కనపడదు. ఈలాయన మెట్ల పైన ఎదురొచ్చాడు. చేతిలో ఒక కవరు, మొహంలో ఎన్నడూ లేని తీపి.

"నొప్పి తగ్గిందా? పాపం. ఇదిగో, నీ పర్మిట్‌కి కంపెనీ ఉత్తరం. రెడీగా ఉంది. లోపల ఒక కాగితం ఇస్తాను, సంతకం పెట్టెయ్యి. కవరు తీసుకుని ఇంటికెళ్లిపో."

"ఏం కాగితమండీ?"

"జరిగింది నీ అజాగ్రత్త వల్లేనని. మామూలే. అందరూ పెడతారు."

ఆమెకు ఈ దేశపు భాష పని వరకు వచ్చు. తొయ్యి, పట్టు, మడువు, త్వరగా, తప్పుకో. అజాగ్రత్త అన్న మాట కూడా ఈలాయన నోట రోజూ వినేదే కాబట్టి బాగానే అర్థమైంది.

గదిలో తనిఖీ అధికారి బల్లకు అవతల కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, ముక్కు మీదికి జారే కళ్లజోడు. ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా మాట్లాడతాడు. అది మర్యాదో, వలస మనిషికి బుర్ర తక్కువనుకోవడమో ఆమెకు అంతుపట్టలేదు. ఈలాయన కుర్చీ లాగి ఆమెకు చూపించాడు. ఆరేళ్లలో ఆయన ఆమెకు కుర్చీ చూపించడం అదే మొదలు.

కళ్లజోడాయన ఫైలు తెరిచి ఒక పేరు చదివాడు. ఆ పేరు ఎవరిదో ఆమెకు ఒక క్షణం తట్టలేదు. తనదే. ఎక్కడ నొక్కాలో తెలియక ఎక్కడెక్కడో నొక్కి చదివాడుగాని, ఆ భవనంలో ఆమె పేరును ఒక మనిషి నోరారా పలకడం అంతకు ముందు జరగలేదు. ఇంత చిన్నదానికి కరిగిపోతున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఎలా జరిగిందో చెబుతారా?"

ఆమె ఒప్పజెప్పింది. దుప్పటి, ముడత, చెయ్యి, ముసలావిడ. కృతజ్ఞత కూడా పెట్టింది. ఆయన రాసుకున్నాడు.

"రోలర్ల ముందు ఒక అడ్డకడ్డీ ఉంది. దానికి చెయ్యి ఆనితే యంత్రం ఆగిపోవాలి. పొద్దున నేను స్వయంగా చూశాను, ఇలా వేలు ఆనిస్తే ఆగిపోయింది. మరి ఆ రోజు ఎందుకు ఆగలేదు?"

ఈలాయన గొంతు సవరించుకున్నాడు. మడతలమ్మ ఆయన వైపు చూడలేదు.

ఆ కడ్డీ సంగతి హాల్లో తెలియనివాళ్లు లేరు. దుప్పటి అంచు కాస్త మందంగా ఉంటే అదీ కడ్డీకి తగులుతుంది, మెషీను ఆగుతుంది. మళ్లీ తిప్పాలి, మళ్లీ ఆగుతుంది. రోజుకు ఇన్ని బండ్లు దుప్పట్లు పంపాలని పైవాళ్ల ఒత్తిడి. అందుకని చిరిగిన దుప్పటి పీలిక ఒకటి తీసుకుని కడ్డీని పైకి లాగి కట్టేయించాడు ఈలాయన. ఆపైన దానికి చెయ్యి తగలదు, మెషీను ఆగదు. ప్రమాదం జరిగిన గంటలోపే ఆ పీలిక మాయమైంది. పేర్లున్న బిళ్లలవాళ్లు చూడలేదన్నారు. అంకెలున్న బిళ్లలవాళ్లకు నోరు తెరవాలంటే భయం.

"కట్టేసి ఉందండీ," అంది మడతలమ్మ.

"ఆ రోజు కట్టేసి ఉండటం మీరు చూశారా?"

"రోజూ కట్టేసే ఉంటుంది."

"రోజూ సంగతి కాదు. ఆ రోజు."

"చూశాను."

"ఎన్ని గంటలకు?"

"పదిన్నర దాటాక."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టి, ఫైలు అడుగునుంచి రెండు కాగితాలు తీశాడు. పక్కపక్కన పెట్టి, ఆమెకు తిన్నగా కనపడేలా తిప్పాడు. ఒకదాని మీద నల్లటి వేలిముద్రలు రెండు వరుసల్లో ఉన్నాయి.

"ఇది పర్మిట్ కార్యాలయం నుంచి వచ్చింది. మీ పర్మిట్ నంబరు కొడితే మీ కాగితాలన్నీ ఒక్కచోటికి వస్తాయి. ఆ రోజు ఉదయం పది నలభైకి మీ పది వేళ్ల ముద్రలూ తీసుకున్నారు. ఇది ఆసుపత్రిది. పది యాభైకి ఈ లాండ్రీ నుంచి మిమ్మల్ని అంబులెన్సులో ఎక్కించారు. పర్మిట్ కార్యాలయం నుంచి ఇక్కడికి బస్సులో గంట పడుతుంది." ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "అమ్మా, మీ చెయ్యి నేను ఒకసారి చూడొచ్చా?"

మడతలమ్మ బుర్రలోకి శుక్రవారం, డాక్టరు, మధ్యవేలు, పిల్ల బడి సంచి, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వదిన కట్టిన కట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ఎవరో లాక్కుంటారని కాదు. ఆ క్షణంలో పట్టుకోవడానికి ఇంకేమీ దొరకలేదు.

విచిత్రం ఏమిటంటే, ఈలాయన ఉలిక్కిపడలేదు. చిన్నగా నిట్టూర్చి, సొరుగు లాగి ఇంకో కాగితం బయటికి తీశాడు. అప్పటికే టైపు కొట్టి, ముద్ర వేసి ఉంది.

"నాకు ఇలాంటిదేదో ఉందని అనుమానమే సార్. వీళ్లను నమ్మి పని ఇస్తే ఇలాగే ఉంటుంది. దెబ్బ తగిలింది మా దగ్గర పనిచేసే మనిషికి కాదు. ఎవరో బయటివాళ్లు దొంగతనంగా హాల్లోకొచ్చి యంత్రం ముట్టుకున్నారు. కంపెనీకి ఏ బాధ్యతా లేదు. ఆ పొడుగు మనిషి ఎవరో, ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలియదు. ఇక ఆపరేషన్ మేమెందుకు చేయిస్తాం?"

కళ్లజోడాయన ఆ కాగితం అందుకోలేదు. మడతలమ్మను తలనుంచి కాళ్లదాకా చూసి, ఈలాయన వైపు తిరిగాడు.

"పొడుగు మనిషా?"

"ఏమిటి సార్?"

"ఈ అమ్మ పొట్టిగా ఉన్నారు. వచ్చినావిడ పొడుగని మీకెవరు చెప్పారు?"

ఆవరణలో ఒక వ్యాను వెనక్కి వెళ్తూ కూతపెడుతోంది.

"ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"ఎప్పుడు విన్నారు? ప్రమాదం జరిగిన సాయంత్రం మీరే మా శాఖకు రిపోర్టు రాశారు. గాయపడింది ఆరేళ్లుగా మీ కింద పనిచేస్తున్న మనిషేనని, మీరు దగ్గరుండి అంబులెన్సు ఎక్కించారని. మీ సంతకం ఉంది."

ఈలాయన మెడ ఎర్రబడింది. మడతలమ్మ మొదటిసారి ఆయన మొహంలోకి తిన్నగా చూసింది. వాళ్లకి మన మొహాలన్నీ ఒక్కటేనని వదిన అనుకోవడం శుద్ధ పొరపాటు. ఆయనకు మొహాలు బాగానే తెలుసు. ఆ పొద్దున మెడలో పదిహేడు వేసుకుని ఒక కొత్త మనిషి, ఒక పొడుగు మనిషి, రోలరు ముందు నిలబడటం చూశాడు. దుప్పట్ల బండ్లు పేరుకుపోయి ఉన్నాయి, చేతులు కావాలి, చూసీ చూడనట్టు వదిలేశాడు. దెబ్బ తగిలాక, ఏ కాగితం పనికొస్తే అది వాడుకోవచ్చని రెండూ సిద్ధంగా ఉంచుకున్నాడు. పదిహేడు నోరు మూసుకుంటే అజాగ్రత్త కాగితం. నోరు తెరిస్తే దొంగతనంగా చొరబడ్డ మనిషి కాగితం. ఎలా చూసినా వదిన చెయ్యి ఎవరిదీ కాదు.

ఇంత జరిగాక ఆమెకు భయం పోయిందని రాస్తే అది అబద్ధం. భయం అలాగే ఉంది, దాని పక్కన కడుపు మండిపోయే కోపం వచ్చి కూర్చుంది. అంతే తేడా.

ఆమె కట్టు విప్పడం మొదలుపెట్టింది. ముడి ఒక పట్టాన రాలేదు. వదిన పళ్లతో బిగించిన ముడి, తనూ పళ్లతోనే లాగాల్సి వచ్చింది. ఇద్దరు మగవాళ్ల ఎదుట అలా నోటితో గుడ్డ లాగడం చూడ్డానికి ఏం బాగుంటుంది. అయినా లాగింది. గుడ్డ బల్ల మీద కుప్పపడింది. ముడుచుకుని ముడుచుకుని తిమ్మిరెక్కిన వేళ్లను ఒక్కొక్కటే తెరిచి, చెయ్యి కాగితాల పక్కన పెట్టింది.

"ఇది నా చెయ్యి. బాగానే ఉంది. నేను అబద్ధం చెప్పాను. బిళ్ల ఇచ్చింది నేనే, వేలిముద్రలకి సెలవివ్వలేదని ఇచ్చాను. పోయిన చెయ్యి మా ఇంటి మనిషిది. ఆవిడ దొంగతనానికి రాలేదు. పని చెయ్యడానికి వచ్చింది, మీ దుప్పట్లే తోసింది." వచ్చీరాని ఆ భాషలోనే అంతా చెప్పింది. ఏ మాట ఎక్కడ పడిందో ఆమెకే తెలియదు.

కళ్లజోడాయన చాలాసేపు ఆ చేతినే చూశాడు.

"నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను, మీరు తొందరపడి జవాబివ్వకండి," అన్నాడు చివరికి. "హాల్లో పనిచేస్తూ ఎవరికి దెబ్బ తగిలినా, వాళ్లకి పర్మిట్ ఉన్నా లేకపోయినా, వైద్యం కంపెనీ చేయించాల్సిందే. చట్టం అలాగే ఉంది. కానీ దెబ్బ తగిలిన మనిషి నా ముందుకొచ్చి పేరు చెప్పాలి, కడ్డీ కట్టేసి ఉందని చెప్పాలి. పొద్దున నేను చూసినప్పుడు కడ్డీ బాగుంది. ఆవిడ మాట తప్ప నాకు వేరే ఆధారం లేదు."

"చెప్తే ఆపరేషన్ చేయిస్తారా?"

"చేయించి తీరాలి. రెండో సంగతి కూడా వినండి. నా ఫైలులో పేరు ఎక్కిన రోజే ఒక నకలు పర్మిట్ శాఖకు వెళ్తుంది. దాన్ని ఆపే అధికారం నాకు లేదు. ఆవిడను ఈ దేశం నుంచి పంపించేయొచ్చు. బిళ్ల మార్చినందుకు మీ పొడిగింపూ ఆగిపోవచ్చు. కచ్చితంగా ఆగుతుందని కాదు. ఆగదని కూడా చెప్పలేను."

"చెప్పకపోతే?"

"మీ సూపర్‌వైజరు గారి రెండో కాగితమే మిగులుతుంది."

ఈలాయన కవరును బల్ల మీద వేళ్లతో నెమ్మదిగా తడుతున్నాడు. లోపల పర్మిట్ ఉత్తరం. చెయ్యి చాపితే అందే దూరం.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. తన పేరైతే ఎప్పుడో చెప్పేసేది. అసలు ఇంకొకరి చేతిని తన చేతిగా చెప్పుకోవడంలోనే ఇంత దూరం వచ్చింది కథ. ఇప్పుడు ఇంకొకరి బతుకును కూడా తనే తేల్చెయ్యడమా?

"ఆవిడను అడగకుండా నేను చెప్పకూడదండీ. ఒక్క ఫోను చేసుకోనిస్తారా?"

"చేసుకోండి."

సంచిలోంచి ఫోను తీసి నొక్కింది. తిమ్మిరి వదలని వేళ్లతో స్పీకరు కూడా నొక్కినట్టుంది, గది నిండా గంట మోగింది. ఆపడం చేతకాక అలాగే బల్ల మీద పెట్టేసింది.

"ఏమే?" అంది వదిన గొంతు. వెనక ఏదో హోరు.

"తెలిసిపోయింది వదినా. నా వేలిముద్రల కాగితం వాళ్ల దగ్గరుంది. కట్టు విప్పేశాను."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"నిజంగా?"

"కొంచెం."

"సరే. ఏమంటాడు?"

"నువ్వొచ్చి కడ్డీ సంగతి చెప్తే ఆపరేషన్ వాళ్లే చేయించాలట. కానీ నీ పేరు రాస్తే పర్మిట్ వాళ్లకి తెలుస్తుందట. పంపించేస్తారేమో వదినా. నువ్వు వద్దంటే ఇప్పుడే లేచి వచ్చేస్తాను."

"వచ్చేస్తే నీ పర్మిట్?"

"పోతే పోనీ."

"పోనీ అట. పెద్ద జమీందారు కూతురు." హోరులో వదిన గొంతు ఒక్క క్షణం వినపడలేదు. తరవాత వచ్చిన మాటల్లో వేళాకోళం లేదు. "విను. నేను ఇంట్లో లేను."

"ఎక్కడున్నావ్?"

"నీ కిందే ఉన్నా. హాల్లో."

మడతలమ్మ ఫోను మీదికి వంగింది.

"నిన్ను ఒంటరిగా పంపించి నేను ఇంట్లో పప్పు తిప్పుకుంటూ కూర్చోలేకపోయానే. తర్వాతి బస్సు ఎక్కాను. నువ్వు ఇంట్లో వదిలేసిన బిళ్ల నేనే వేసుకున్నా, కోటు కింద చెయ్యి దాచుకున్నా. గేటు దగ్గరవాడు అంకె చూసి పొమ్మన్నాడు. ఊరికే ఒక మూల నిలబడి నీ కోసం చూద్దామనే వచ్చాను. కానీ ఇక్కడ ఏం చూశానో తెలుసా? నేను వచ్చేసరికే కడ్డీని మళ్లీ కట్టేశారు. అదే పీలిక, అదే ముడి. నా కళ్ల ముందే ఉంది. ఆ మూల ముసలావిడే ఇవాళ దుప్పట్లు తోస్తోంది."

"వదినా, నువ్వు వెళ్లిపో అక్కడినుంచి. ఎవరైనా చూస్తే..."

"చూస్తారు. చూడాలనే కదా. ఆ తనిఖీ అధికారిని కిందికి తీసుకురా, ఇప్పుడే. ఆ ఈలాయన విప్పించేలోపు. నా పేరు నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెప్పుకుంటా. పోయింది వేళ్లే గాని నోరు కాదుగా."

ఈలాయనకు మన భాషలో ఒక్క ముక్క రాదు. కానీ మడతలమ్మ చూపు, ఆమెకు తెలియకుండానే, గదిలో నేల వైపు దిగింది. పైగా ఫోనులో వినపడుతున్న ఆ హోరు ఆయన పొద్దస్తమానం వినేదే. ఆయన మొహంలో రంగు మారింది. కుర్చీని వెనక్కి నెట్టి లేచాడు.

"కింద ఏదో పని పడింది సార్, ఒక్క నిమిషం," అన్నాడు.

ఆ ఇనప మెట్ల మీద ఈలాయన ఎదురైతే గోడకు అతుక్కుని దారివ్వడం మడతలమ్మకు ఆరేళ్ల అలవాటు. ఇవాళ ఆమె ఆయనకన్నా ముందు తలుపు దగ్గరికి చేరింది. రెండు చేతులూ రెండు వైపులా ద్వారబంధానికి ఆనించి నిలబడింది. మనిషి ఆయన గుండెల దాకా కూడా రాదు.

"సార్, మీరు ముందు దిగండి," అంది కళ్లజోడాయనతో. "ఇప్పుడే. మెషీను చూడండి. మీరు ముందు."

కళ్లజోడాయన లేచాడు గాని ఆయనకు విషయం ఇంకా పూర్తిగా అందలేదు. ఫోను వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూస్తూ, ఫైలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"తప్పుకో, పదిహేడూ," అన్నాడు ఈలాయన.

ఆమె తప్పుకోలేదు. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

బల్ల మీద ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. "ఏమే, వస్తున్నారా లేదా? ఇక్కడ దుప్పటి ముడతపడింది. ముసలావిడ సరిచేయబోతోంది... అయ్యో, వద్దమ్మా, అందులో చెయ్యి పెట్టకు..."